టాలివర్ల మూడో గేటు

పాత కార్ఖానా మూడో గేటు మంచిది కాదని ఆ ఊళ్ళో ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. పగలు అందరూ ఆ దారినే వెళ్తారు, వస్తారు. పొద్దువాలిందంటే మాత్రం ఆ మలుపులో కార్లు కాస్త వేగం పెంచుతాయి. కొందరు రేడియో సౌండు పెంచుతారు. కొందరు పక్కనున్న వాళ్ళతో లేని మాట కల్పించుకుని మాట్లాడతారు. ఎవరూ అటు తిరిగి చూడరు.

చూసినవాళ్ళు చెప్పేది ఒకటే. గేటు ఊచలు పట్టుకుని, తెల్లబట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది... లాగుతూ ఉంటుంది.

రోండాకి జరిగింది ఆమె నోటే విన్నవాళ్ళు చెప్పారు నాకు. నేను కలిపిందేమీ లేదు.

రోండా సిటీ బస్సు నడిపేది. యాభై దాటిన మనిషి. సాయంత్రం అయ్యేసరికి మడమలు వాచి, బూట్లు ఊడదీయడం ఒక పెద్ద పనిగా ఉండేది ఆమెకి. రోజులో చివరి ట్రిప్పు ఎప్పుడూ ఆమెకే పడేది. అడిగి మార్పించుకోవచ్చు. అడగడానికి కూడా ఓపిక ఉండాలిగా.

ఊరి పేరు టాలివర్. అంతకుముందు వేరే పేరుండేదట, అదెవరికీ గుర్తులేదు. ఈనాక్ టాలివర్ అనేవాడు ఒక కంచరగాడిదనీ, ఒక కొలిమినీ వెంటబెట్టుకుని ఒహాయో నది ఒడ్డున దిగాడు. చమురు బావులకి ఇనప గొట్టాలు చేసి అమ్మేవాడు. ఎక్కడెక్కడో భూమిలోంచి చమురు ఎగజిమ్ముతున్న కాలం అది. ఆ గొట్టాల్లో ఎవరి చమురు పారినా, డబ్బు మాత్రం ఈనాక్ ఇంటికే పారింది.

కొడుకు గార్డ్‌నర్ కాలానికి నది పొడుగునా కార్ఖానాయే. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది. ఆ ఊరి పిల్లలు చుక్కల్ని బొమ్మల పుస్తకాల్లో చూసి నేర్చుకున్నారు. పని ఇచ్చింది టాలివర్లు. పనివాళ్ళకి ఇళ్ళు కట్టించింది టాలివర్లు. ఆ ఇళ్ళకి అద్దె పుచ్చుకుంది టాలివర్లు. ఒళ్ళు కాలితే ఆసుపత్రీ వాళ్ళదే, పోతే శ్మశానంలో జాగా కూడా వాళ్ళదే.

మనవడు ప్రెస్కాట్ చేతికొచ్చేసరికి తాత కొలిమి అద్దాల పెట్టెలో బొమ్మయింది. ప్రెస్కాట్ కొండమీది మేడలో కూర్చుని ఏలాడు. ఆయన పోయాక అయినవాళ్ళు కార్ఖానాని ఎవరికో అమ్మేశారు. కొన్నవాళ్ళు యంత్రాలు విప్పుకుని పట్టుకుపోయారు. ఊరికి మిగిలింది పేరొక్కటే.

ఆ పేరు బస్సులో రోజంతా మోగుతూనే ఉంటుంది. స్టాపు రాగానే రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి చెబుతుంది. "తర్వాత... టాలివర్ లైబ్రరీ." "తర్వాత... టాలివర్ ఆసుపత్రి." "తర్వాత... టాలివర్ పార్కు." ఆ గొంతుకి అలుపు లేదు. అదొక్కటే రోండాకి దానిమీద కోపం.

ఆసుపత్రి దగ్గర బెర్నిస్ ఎక్కేది. అక్కడ దుప్పట్లు ఉతికే పని ఆవిడది. చేతులు ఎప్పుడూ ఉడకబెట్టినట్టు ఎర్రగా ఉండేవి. వచ్చి డ్రైవరు వెనక సీట్లో కూలబడేది.

"ఏమే రోండా, మళ్ళీ కనిపించిందా?"

"ఎవరు?"

"ఎవరేంటి... మూడో గేటావిడ."

"కనిపిస్తే టిక్కెట్టు అడుగుతాలే."

"నవ్వు, నవ్వు. మా అత్త చెల్లెలి మొగుడు అక్కడే పోయాడు. శవాన్ని చూపించలేదు. పెట్టె మూసే ఇచ్చారు."

బెర్నిస్ ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా గొంతు తగ్గించే చెప్పేది, టాలివర్లు ఇంకా వింటున్నట్టు.

సమ్మె నడుస్తున్న రోజులవి. సగంమంది బయట జెండాలు పట్టుకుని ఉన్నారు. లోపల పని చేస్తున్నవాళ్ళు వెళ్ళి వాళ్ళతో కలవకుండా గేట్లకి గొలుసులు వేయించాడు ప్రెస్కాట్. ఆ సాయంత్రం కార్ఖానాలో పెద్ద కొలిమి పేలింది. మంటలు... లోపలున్నవాళ్ళు మూడో గేటుకి పరిగెత్తారు. కాపలావాడి దగ్గర తాళంచెవి ఉంది. కానీ దొరగారి మాట లేనిదే తీయకూడదు. వాడు కొండమీదికి ఫోన్ చేశాడు.

"ఆ మాట వచ్చేసరికి..." బెర్నిస్ అక్కడ ఆగేది. "గేటు ఊచలు వేడికి ఒంగిపోయాయంటారు. మొగుడి కోసం వచ్చిన ఆడదే ఎవరో ఇంకా లాగుతోంది, పాపం."

పోలిష్ చర్చి దగ్గర బెర్నిస్ దిగిపోయేది. అక్కణ్ణించి బస్సు ఖాళీ. ఖాళీ బస్సుతో రోండా ఆ మలుపు తిరగాలి.

మూడో గేటు స్టాపు ఎత్తేసి చాలా ఏళ్ళయింది. స్తంభం కూడా పీకేశారు. అయినా ఆ మలుపులో ఆ గొంతు అంటుంది — "తర్వాత... మూడో గేటు."

డిపోలో అడిగింది ఒకసారి. పాత రికార్డు చెరిగిపోలేదన్నారు. ఎర్ల్ అని ఒక ముసలి డ్రైవరు మాత్రం ఆమెను పక్కకి పిలిచాడు. ఈ రూటు ఆమెకు ముందు అతనిదే.

"చూడమ్మా... అది పిలిస్తే పిలవనీ. నువ్వు పలక్కు. కాలు బ్రేకు మీదికి పోనీకు."

"నువ్వెప్పుడైనా ఆపావా?"

ఎర్ల్ కాఫీ కప్పులోకి చూశాడు. "నేను ఆపే మనిషినైతే ఇంతకాలం నడిపేవాణ్ణా?"

ఆకులు రాలే కాలంలో రోండా కూడా చూసింది. తెల్లగా... గేటుని అంటిపెట్టుకుని. కాలు దానంతటదే యాక్సిలరేటర్ నొక్కింది. ఇంటికెళ్ళి, కోటు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుండిపోయింది. ఆమెని తొలిచింది భయం కాదట. ఎవరో స్టాపులో నిలబడి ఉంటే ఆపకుండా వచ్చేశానే అన్న చిన్న ముల్లు. డ్రైవరుకి అది మహా చెడ్డ ముల్లు.

ఆ తర్వాతా రెండు మూడుసార్లు చూసింది. ఆపలేదు.

ఇక మంచు కురిసిన సాయంత్రం సంగతి.

పొద్దు త్వరగానే కుంగింది. రోడ్డంతా తెల్లగా, గట్టిగా, గాజులా ఉంది. బెర్నిస్ దిగుతూ "జాగ్రత్తే పిల్లా" అంది. ఆ మాట రోజూ అనేదే. బస్సు ఖాళీ అయింది. రోండా మెల్లగా మలుపు తిప్పింది.

"తర్వాత... మూడో గేటు."

దీపాల వెలుగు గేటు మీద పడింది. ఊచలు. ఊచల మీద రెండు చేతులు. తెల్లబట్టలు... తెల్లజుట్టు...

రోండా చూపు తిప్పేసుకుంది. బస్సు దాటేసింది. దాటాక, వద్దనుకుంటూనే అద్దంలోకి చూసింది.

ఆ తెల్లటిది కాలు జారింది. మోకాళ్ళమీద పడింది. లేవబోయి... మళ్ళీ జారింది.

దెయ్యాలు జారిపడతాయా?

రోండా బ్రేకు వేసింది.

తలుపు తీసి దిగితే చలి మొహాన్ని చరిచింది. గేటు దాకా కంచె ఊచలు పట్టుకుని నడిచింది. అక్కడ మంచులో కూలబడి ఉన్నది ఒక ముసలావిడ. తెల్లటి రాత్రి గౌను. ఒక కాలికే చెప్పు. పెదాలు నీలం. ఊపిరి ఆవిరిగా బయటికొస్తోంది. మనిషి. బతికున్న మనిషి.

"అమ్మా... ఎవరమ్మా మీరు? ఇక్కడికెలా వచ్చారు?"

"ఆలస్యమైంది," అంది ఆవిడ. "మెట్లు ఎక్కువ. ఇక్కడ తాళం ఉంది."

మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ ఉంది, వృద్ధాశ్రమాల్లో కట్టేది. రోండా వంగి చదివింది — హారియట్ టాలివర్.

కొండమీది మేడని వృద్ధాశ్రమం చేశారని ఊళ్ళో అందరికీ తెలుసు. టాలివర్లలో ఒకరు బతికే ఉన్నారనీ, పుట్టిన ఇంట్లోనే ఒక గదిలో డబ్బు కట్టి ఉంటున్నారనీ ఎవరికీ తెలియదు. మేడ వెనకనుంచి కార్ఖానాకి దిగే రాతిమెట్లున్నాయి, వెనకటికి దొరలు నడిచినవి. ఆశ్రమం పనివాళ్ళు భోజనాలు పెట్టే హడావుడిలో ఉండగా ఈవిడ ఆ మెట్లు దిగి వస్తోంది. ఎన్ని సాయంత్రాల నుంచో!

రోండాకి నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఊరంతా ఈ పండుటాకుని చూసి దడుచుకుందా? ఈవిడ చలిలో నిలబడి ఉంటే అందరూ రేడియో పెంచుకుని పోయారా?

"రండి, బస్సులో వెచ్చగా ఉంటుంది. ఇంటికి దింపుతాను."

"తీస్తేగానీ రాను."

"దేన్ని తీస్తేనమ్మా?"

హారియట్ గేటు వైపు చూసింది. "వాళ్ళు నిలబడే ఉన్నారు. ఎంతసేపని నిలబడతారు?"

రోండా లేవదీయబోయింది. ఆ ఎముకల చేతుల్లో ఎక్కడి బలమో, ఊచలు వదల్లేదు. రోండా బతిమాలింది. కసిరింది. డిపోకి ఫోన్ చేస్తే మంచుకి సిగ్నల్ పోయిందో ఏమో, గురగుర తప్ప మాట లేదు. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. ఇంకాసేపుంటే ఈవిడ ఇక్కడే పోతుంది.

"సరే," అంది రోండా. "తీస్తే వస్తారుగా?"

బస్సులోంచి మంటలార్పే సిలిండర్ తెచ్చింది. తుప్పుపట్టిన తాళం మీద కొట్టింది. రోజంతా స్టీరింగు తిప్పిన భుజాలు... ప్రతి దెబ్బకీ పళ్ళదాకా నొప్పి. తిట్టుకుంటూ కొట్టింది. ఎవర్ని తిడుతోందో ఆమెకే తెలియదు. చివరికి తాళం ఊడిపడింది. గొలుసు జారింది. ఇద్దరూ కలిసి లాగితే గేటు ఒక పెద్ద మూలుగు మూలిగి తెరుచుకుంది.

లోపల ఏముంది? మంచు. మొండి గోడలు. చీకటి.

"రండి," అంది హారియట్ ఆ చీకటితో. "తీశాం. రండి."

అని పక్కకి జరిగి నిలబడింది, ఇంటికొచ్చిన చుట్టాలకి దారి ఇచ్చినట్టు.

కాసేపు చూసి రోండా, "ఇంక పదండమ్మా," అంది.

"ఉండు... ఇంకా వస్తున్నారు."

గాలి లేదు. అయినా రోండా మొహానికి వెచ్చగా ఏదో తగిలింది. మళ్ళీ... మళ్ళీ. కాల్చిన ఇనుము వాసన.

ఎలాగో ఆవిణ్ణి బస్సెక్కించి, తన కోటు కప్పింది. హారియట్ కూర్చోలేదు. సీటు పక్క కడ్డీ పట్టుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా, పడిపోతారు."

"ఎక్కడ కూర్చోను? ఖాళీ ఏది?" అంది హారియట్, గుసగుసగా. "వాళ్ళు అలిసిపోయి ఉన్నారు. కూర్చోనీ."

రోండా వెనక్కి తిరిగి చూసింది. సీట్లన్నీ ఖాళీ. కానీ బస్సు... నెమ్మదిగా కుంగుతోంది. ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి. షిఫ్టు వదిలిన వేళ కిక్కిరిసిన బస్సు ఎలా కుంగుతుందో, అలా. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే లోపలివైపు ఆవిరిపట్టాయి.

ఆమె కేక వేయలేదు. దూకి పారిపోలేదు. "ఎందుకు పారిపోలేదు?" అని తర్వాత అడిగినవాళ్ళతో అందట, "నేను కూడా అలిసిపోయే ఉన్నాను. అలిసిపోయినవాళ్ళని చూసి భయమెందుకు?"

తలుపు వేసింది. బస్సు కదిలింది.

చిన్న ఎత్తుకే ఇంజను రొప్పింది. హారియట్ ఒక్కతే అద్దంలోకి చూస్తూ చెప్పింది.

"మా ఇంట్లో భోజనం వేళ ఫోన్ ఎత్తకూడదు. నాన్నగారి కట్టడి. ఆ రోజు అది మోగుతూనే ఉంది. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చెంచా దించలేదు. మేమూ దించలేదు. మోగి... మోగి... ఆగిపోయింది. కిటికీలు ఎర్రబడ్డాక గానీ లేవలేదు ఆయన."

"మీరు చిన్నపిల్ల కదమ్మా."

"అవును," అంది హారియట్. "పళ్ళెం ఖాళీ చేశాను కూడా."

పాత కూలీల వీధులొచ్చాయి. ఇళ్ళెప్పుడో పడగొట్టేశారు. వీధి దీపాలున్నాయి, దీపాల కింద ఖాళీ జాగాలు, మంచు. అక్కడ ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు.

గంట మోగింది.

దిగేవాళ్ళు లాగే తాడు... ఊగుతోంది.

రోండా ఆపింది. వెనక తలుపు తీసింది. ఎవరూ కనపడలేదు. బస్సు మాత్రం ఒక వెంట్రుకవాసి పైకి లేచింది. నోటి అలవాటుకొద్దీ రోండా, "గుడ్ నైట్," అంది.

తర్వాతి మూల మీద మళ్ళీ గంట. మళ్ళీ గుడ్ నైట్. లేని గడపల ముందు, లేని మెట్ల ముందు ఆపుకుంటూ పోయింది. బస్సు తేలికవుతూ వచ్చింది. ఆఖరి వీధి దాటేసరికి హారియట్ ఒక సీట్లో ఒదిగి కూర్చుంది. "ఇప్పుడు ఖాళీ ఉంది," అంది. కళ్ళు మూసుకుంది.

మేడ దగ్గర ఆయా పరిగెత్తుకొచ్చింది. "మిస్ హారియట్! అయ్యో, ఊరంతా వెతికిస్తున్నాం..." చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, దుప్పట్లు చుట్టి తోసుకెళ్ళిపోయింది. హారియట్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఆవిడ మూడో గేటుకి మరెన్నడూ రాలేదు. ఎండాకాలం దాకా బతికి, నిద్రలో పోయిందట.

రోండా బస్సుని డిపోకి తెచ్చి నిలిపింది. స్టీరింగు మీద తల ఆనించింది. ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది.

కిటికీ మీద ఎవరో తట్టారు. ఎర్ల్.

"ఎక్కడ చచ్చావే తల్లీ! నీకోసం ఇంటికి పోకుండా కూర్చున్నాను. ఆపావా ఏంటి?"

"ఆపాను."

ఎర్ల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏదో అనబోయి, బస్సు వెనకవైపు చూసి ఆగాడు.

"మరి ఆయన్ని దింపవేం?" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆఖరి సీట్లో... పెద్దమనిషి. మంచి కోటు. మెడకింద తెల్లగుడ్డ దోపుకుని ఉన్నాడు, భోజనం మధ్యలో లేచొచ్చినట్టు. బయటికే చూస్తున్నాడు."

రోండా లేచి వెనక్కి నడిచింది. ఆఖరి సీటు ఖాళీ. దాని పక్క అద్దం మాత్రం, మిగతావన్నీ ఆరిపోయినా, గుండ్రంగా ఆవిరిపట్టి ఉంది. ఆమె చూస్తుండగానే ఆ ఆవిరి చిన్నదై... మళ్ళీ పెద్దదైంది.

అప్పుడు అర్థమైందట ఆమెకి. మూడో గేటు వెనక ఇన్నాళ్ళూ నిలబడ్డవాళ్ళలో ప్రెస్కాట్ కూడా ఉన్నాడు. పాలరాతి సమాధిలో పెట్టినా, ఇక్కడికే వచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. కూలీలకి లేని ఇళ్ళైనా ఉన్నాయి దిగడానికి. ఆయన మాత్రం తన మేడ వచ్చినా గంట కొట్టలేదు.

"ఇది చివరి స్టాపు సార్," అంది రోండా. "ఇక్కణ్ణించి బస్సు పోదు."



ఆమె నడుచుకుంటూ వచ్చి, దీపాలార్పి, దిగింది. ఎర్ల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తలుపు వెయ్యవా? లోపలంతా మంచు పడుతుంది."

"మనిషి ఉండగా ఎలా వేస్తాను?" అంది రోండా. "నేను వెయ్యను."

పొద్దున మెకానిక్కులు ఆమెను చూస్తూనే తిట్టారు, బ్యాటరీ చచ్చిందని, బస్సంతా మంచేనని. మెట్ల మీది మంచులో అడుగులేమైనా ఉన్నాయా అని అడిగిందామె.

ఉన్నాయన్నారు. ఒక్కడివే, బూటు అడుగులు. బస్సు దిగి డిపో గేటు దాకా వెళ్ళాయట. అక్కడ, రోడ్డు అంచున, చాలాసేపు నిలబడినట్టు మంచు తొక్కి తొక్కి నల్లబడిందట. ఎటు పోవాలో తోచనట్టు.

"తర్వాత?"

"తర్వాతేముంది... తిరిగొచ్చి బస్సెక్కాయి."

రోండా బోర్డు మీదినుంచి తాళంచెవులు తీసుకుంది. ఆ రోజూ ఆమెకి ఆ బస్సే వేశారు.